తొలివలపు చిత్రములకు చోటెట్లు కలిగినది?

వేసవి సెలవులు రాగానే తిరువూరు ప్రాంతపు పల్లెలకు కొత్త సందడి వచ్చును. ఎ.కొండూరు వంటి ఊరిలో తాతగారి ఇంటికి పట్టణములనుండి మనుమలు, మనుమరాండ్రు చేరుదురు. ఏడాదికొకసారి కలిసికొను బావయు మరదలును నిరుటివలె మామిడి చెట్టు క్రింద ఆడుకొనబోయి, ఈ ఏడు ఎందుకో మాట తడబడి నిలిచిపోదురు. చూచిన పెద్దలు కొందరు నవ్వుకొందురు, కొందరు బొమలు ముడుతురు. తొలివలపు అనునది ఇంతటి చిన్న ముచ్చటయే. ఇది మన చలనచిత్రములకు వస్తువైన విధమును నేడు కొంత ముచ్చటించుకొందము.

ఈ కథ జరుగుటకు కొంత వ్యవధి కావలెను. బాల్యము గడచి, ఇంకను పెండ్లి కాని ఏండ్లు కావలెను. మన ముత్తవ్వలలో అనేకులకు ఆ ఏండ్లు దక్కలేదు. ఊహ తెలియకముందే వారికి మెడలో పుస్తె పడినది. 1929లో వచ్చిన శారదా చట్టము, 1930 ఏప్రిల్ 1నుండి, బాలికకు 14, బాలునకు 18 ఏండ్లు నిండనిదే పెండ్లి కూడదన్నది. చట్టము రాగానే ఆచారము మారలేదు గాని, బడికి పోవు ఆడపిల్ల వయసు మెల్లగా పెరిగినది.

1951లో బి.ఎన్. రెడ్డిగారు 'మల్లీశ్వరి' తీసిరి. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. అందులో వలపు బావామరదళ్లది. కాలము రాయలనాటిది. ఆ ఇద్దరికిని తమ ఊరిలో అడ్డమైనది తల్లి ధనాశ. మారువేషమున వచ్చిన రాయలకు నాగరాజు పరిహాసముగా పల్లకి పంపుమనగా, అది నిజముగనే వచ్చి మల్లిని అంతఃపురమునకు కొనిపోయినది. తుదకు వారిని కలిపినది రాజు దయయే. 1953నాటి 'దేవదాసు'లో ఆ దయయు లేదు. బాల్యస్నేహితురాలగు పార్వతి వయసు మీరిన జమీందారు ఇల్లాలైనది.

1978లో చట్టము బాలికకు 18, బాలునకు 21 ఏండ్లు నిర్ణయించినది. ఆ ఏడే బాలచందర్ గారి 'మరో చరిత్ర' వచ్చినది. విశాఖ సముద్రతీరమున తమిళ బాలుడు, తెలుగు బాలిక ప్రేమించుకొందురు. పెద్దలు వారి మనసులోని మాట వినుటకు మారుగా ఏడాది ఎడబాటును షరతుగా పెట్టుదురు. ఆ గడువు ముగిసినను కథ మాత్రము ఇద్దరి మరణముతోనే ముగియును.

1981లో భారతీరాజా గారి 'సీతాకోక చిలుక' మరియొక మెట్టెక్కినది. సంగీతము నేర్వవచ్చిన క్రైస్తవ బాలికకును, ఆ ఇంటి బ్రాహ్మణ బాలునకును వలపు. ఊరు రెండుగా చీలినపుడు ఆమె సిలువను, అతడు జందెమును విడిచి వెడలిపోవుదురు. మతాంతర వివాహమునకు ఎవరును తమ మతమును విడువనక్కరలేదని 1954నాటి ప్రత్యేక వివాహ చట్టము చెప్పియే యున్నది. చట్టము అడుగనిదానిని ఊరు అడిగినది. ఆ చిత్రమునకు తెలుగులో ఉత్తమ చిత్రముగా జాతీయ బహుమతి లభించినది.

రాజు దయ, మరణము, ఊరు విడుచుట: ఈ మూడు ముగింపులలోను మాకొకటి లోపముగా తోచుచున్నది. ఇంటిలో కూర్చుండబెట్టి "నీ మనసులో ఏమున్నదమ్మా?" అని తగిన వేళకు అడిగిన పెద్దలు కానరారు.

1978నాటి వయోపరిమితి 2006 చట్టమునందును నిలిచినది. అయినను ఆ వయసు నిండకయే పీటలెక్కు బాలికలు నేటికిని కలరు. వారికి తొలివలపు మాట అటుంచి, దానికి కావలసిన ఏండ్లే దక్కుట లేదు. చట్టము ఆ ఏండ్లను ఇవ్వగలదు. ఆ ఏండ్లలో పిల్లల మాట వినవలసినవారు ఇంటివారే. వచ్చే వేసవిలో మామిడి చెట్టు క్రింద తడబడి నిలిచిన పిల్లలను చూచినపుడు, బొమలు ముడుచుటకు ముందు ఒక్క క్షణము వారి చెంత కూర్చుందురని మా ఆశ.