1971: కూటమి ఇవ్వలేనిది ఓటరు వెతుక్కున్నాడు

1971 మార్చిలో ఓట్ల లెక్కింపు ముగిసేసరికి ‘మహా కూటమి’ అన్న పేరే ఎగతాళిగా మారింది. సంస్థా కాంగ్రెస్, జనసంఘ్, స్వతంత్ర, సంయుక్త సోషలిస్టు పార్టీలు నాలుగూ కలిసి గెలిచిన స్థానాలు 49. ప్రతిపక్ష హోదాకు ఏదైనా ఒక పార్టీకి లోక్‌సభలో పదో వంతు బలం ఉండాలన్నది సభా సంప్రదాయం. ఎన్నికలు జరిగిన 518 స్థానాల్లో ఆ పదో వంతు నాలుగు పార్టీలను కలిపినా దక్కలేదు. ఇందిరాగాంధీ కాంగ్రెస్‌కు 352 వచ్చాయి.

ఈ ఫలితాన్ని ఇందిర ప్రభంజనంగా చెప్పుకోవడం అలవాటైపోయింది. అందులో నిజం ఉంది కానీ పూర్తి నిజం లేదు. ఆమె పార్టీకి పడిన ఓట్లు 43.68 శాతం. మిగిలిన 56 శాతంలో డీఎంకే, సీపీఐ వంటి మిత్రుల వాటా తీసివేసినా, పోలైన ఓట్లలో సగానికి కాస్త తక్కువ ఇంకెక్కడికో వెళ్లాయి. కూటమికి దక్కింది మాత్రం సుమారు 23 శాతమే. పాలకపక్షాన్ని కాదన్న ఓటరు సైతం ఈ నలుగురిని నమ్మలేదన్నమాట.

నమ్మడానికి వారు చూపించిందేమిటి? 1969 జూలైలో 14 బ్యాంకులను జాతీయం చేసినప్పుడు స్వతంత్ర పార్టీ తీవ్రంగా వ్యతిరేకించింది, సోషలిస్టులు స్వాగతించారు. మాజీ సంస్థానాధీశుల రాజభరణాల రద్దు విషయంలోనూ అంతే. 1970 సెప్టెంబరులో ఆ బిల్లు రాజ్యసభలో ఒక్క ఓటు లోటుతో వీగిపోయింది. రాష్ట్రపతి ఉత్తర్వుతో రద్దు చేస్తే, డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. పక్షం తిరగకముందే ఇందిర లోక్‌సభను గడువుకు ఏడాది ముందుగా రద్దు చేయించి, ఆ ప్రశ్ననే ప్రజల ముందు పెట్టారు. దానికి కూటమి దగ్గర ఉమ్మడి జవాబు లేదు. ఉన్నదల్లా ‘ఇందిరా హటావో’. దానిని ఆమె ‘గరీబీ హటావో’గా తిప్పికొట్టారు. పేదవాడు ఆ రెండు నినాదాల్లో దేనిని ఎంచుకుంటాడో ఊహించడానికి పెద్ద రాజనీతిజ్ఞత అక్కరలేదు.

అంతకు నాలుగేళ్ల క్రితమే ఇదే ఓటరు ప్రతిపక్షాలకు అవకాశమిచ్చాడు. 1967లో కాంగ్రెస్‌ను 283 స్థానాలకు దించి, ఉత్తరాదిన పలు రాష్ట్రాల్లో సంయుక్త విధాయకదళ్ ప్రభుత్వాలకు దారి తీశాడు. అవి నెలల్లోనే కూలాయి. ‘ఆయారామ్, గయారామ్’ అన్న మాట పుట్టిన హర్యానా ఒక్కటే కాదు, బిహార్, ఉత్తరప్రదేశ్ కూడా ఆ ఫిరాయింపుల సంతను చూశాయి. 1971లో 44 నుంచి 8కి పడిపోయిన స్వతంత్ర పార్టీ, 23 నుంచి 3కి పడిపోయిన సోషలిస్టులు ఆ ఖాతా కూడా చెల్లించారు.

అయితే అన్ని చోట్లా ఓటరు చేతులు ముడుచుకోలేదు. తెలంగాణలో 14 స్థానాలుంటే పదింటిని తెలంగాణ ప్రజాసమితి గెలుచుకుంది. దేశమంతా ఇందిర గాలి వీస్తున్నప్పుడే హైదరాబాద్‌లో మెల్కోటే, కరీంనగర్‌లో ఎం.సత్యనారాయణరావు సమితి అభ్యర్థులుగా గెలిచారు. ముల్కీ నిబంధనల ఉల్లంఘన, ఉద్యోగాలు, మిగులు నిధుల మళ్లింపుపై 1969లో రేగిన ఉద్యమం, పోలీసు కాల్పులు, చదువు మానేసి వీధిలోకి వచ్చిన విద్యార్థులు – ఇవన్నీ ఆ ఓటు వెనుక ఉన్నాయి. కూటమి ఇవ్వలేనిది సమితి ఇచ్చింది. ఎవరిని దించాలన్నది కాక, ఏమి కావాలన్నది చెప్పింది.

ఆ ఓటు ఆరు నెలలు నిలిచింది. 1971 సెప్టెంబరులో మర్రి చెన్నారెడ్డి సమితిని కాంగ్రెస్‌లో విలీనం చేశారు. ముఖ్యమంత్రి పదవి నుంచి కాసు బ్రహ్మానందరెడ్డి తప్పుకున్నారు, ఆ స్థానంలోకి తెలంగాణకు చెందిన పి.వి.నరసింహారావు వచ్చారు. ప్రత్యేక రాష్ట్రం కోసం వేసిన ఓటుకు దక్కింది ముఖ్యమంత్రి మార్పు. ఇది నేతల కోణంలో రాజీ కావచ్చు, ఓటరు కోణంలో మాత్రం తనను అడగకుండానే తన ఓటును అవతలి పెట్టెలోకి మార్చడం. ఈ దారిలో చెన్నారెడ్డి ఒంటరి కూడా కాదు. స్వతంత్ర పార్టీ తొలి అధ్యక్షుడు ఆచార్య ఎన్.జి.రంగా సైతం తరువాత కాంగ్రెస్‌లోకే తిరిగి వెళ్లారు.

విలీనంతో సమస్య తీరలేదు. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగానే ఆంధ్ర ప్రాంతంలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 జనవరిలో రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఢిల్లీలో లోక్‌సభకు గుర్తింపు పొందిన ప్రతిపక్ష నేత లేడు. అక్కడ పలకాల్సిన అసమ్మతి 1974 నాటికి గుజరాత్, బిహార్ వీధుల్లో పలికింది.

1977లో ఉత్తరాది ఓటరు జనతా పార్టీ రూపంలో ప్రత్యామ్నాయాన్ని అందుకున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 41 కాంగ్రెస్‌కే వెళ్లాయి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే గెలిచారు. ఆరేళ్ల కిందట పది స్థానాల్లో కాంగ్రెస్‌ను ఓడించిన తెలంగాణ నుంచి ఈసారి ప్రతిపక్షానికి ఒక్క స్థానమూ రాలేదు.