చైనా యాత్రికుని కంట మన వేంగి

మాది ద్వారకా తిరుమల. ఏలూరు వెళ్ళినప్పుడల్లా ఆ ఊరికి ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్లలో ఉన్న పెదవేగి మీదికి నా మనసు పోతుంది. నేడది ఒక పల్లెటూరు. ఒకనాడు శాలంకాయనులకూ, 624 నుండి తూర్పు చాళుక్యులకూ రాజధానియైన వేంగి అదే.

చైనా బౌద్ధ భిక్షువు యువాన్ చ్వాంగ్ సుమారు 639 ప్రాంతంలో ఆంధ్రదేశానికి వచ్చాడు. స్వదేశానికి తిరిగి వెళ్ళాక 646లో పూర్తయిన 'సి-యూ-కీ' గ్రంథంలో ఈ దేశపు రాజధానిని 'పింగ్-కి-లో' అన్నాడు. చరిత్రకారులలో పెక్కుమంది అది వేంగియే అంటారు. నగరం చుట్టుకొలత 20 'లీ'లట. అంటే పది కిలోమీటర్లకు కొంచెం తక్కువ. నేల సారవంతం, గాలి వేడి, జనం ఉద్రేకులు! సంఘారామాలు 20, భిక్షువులు 3000 మంది, దేవాలయాలు సుమారు 30. ఉద్రేకుల మాట చదివి నవ్వుకున్నాను గాని, కాదని అనలేకపోయాను.

నగరానికి నైరుతిన 20 లీల దూరాన ఒక ఒంటరి కొండ ఉన్నదనీ, దిఙ్నాగుడు అక్కడే హేతువిద్యా శాస్త్రాన్ని రచించాడనీ కూడా వ్రాశాడు. ఆ కొండ మాకు దగ్గరలోని గుంటుపల్లి బౌద్ధ గుహల కొండే కావాలని చాలాకాలం ఆశపడ్డాను. కాని గుంటుపల్లి పెదవేగికి ఉత్తరాన ఉన్నది. ఊరి మీది మమకారంతో యాత్రికుని దిక్కులు మార్చడం న్యాయం కాదు కదా! దిఙ్నాగుని 'న్యాయముఖా'న్ని 649లో చైనా భాషలోకి అనువదించినది కూడా ఈ యాత్రికుడే. ఆ గ్రంథాన్ని పండితలోకం చాలాకాలం ఆ అనువాదం ద్వారానే ఎరిగింది.

వీటన్నిటికంటె నన్ను కదిలించినది మరొక మాట. ఇక్కడివారి పలుకూ వాక్యాల పొందికా మధ్యదేశపు వాటికంటె వేరు, లిపి మాత్రం ఇంచుమించు అదే అన్నాడు. రెండు లిపులూ బ్రాహ్మి సంతానమే గనుక లిపి సంగతి సహజం. నలందలో సంస్కృతం అభ్యసించిన చెవికి మన పలుకు వేరుగా వినిపించింది. తొలి తెలుగు శాసనంగా పేరొందిన కలమళ్ళ శాసనం సుమారు 575 నాటిది. అప్పటికి నూరేళ్ళైనా నిండలేదు.

ఊరి పేరు తప్ప ఆ వీధుల్లో విన్న మాట ఒక్కటైనా ఆయన వ్రాసి ఉంటే ఎంత బాగుండేది! అయినా మన భాష వేరని ఒక పరదేశి చెవులారా విని చెప్పాడు. పెదవేగి మట్టిదిబ్బల నడుమ నిలబడినప్పుడు నాకు ఆ సాక్ష్యమే చాలుననిపిస్తుంది.