సమయము చూడని అవసరము

1591వ సంవత్సరమున మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీనదికి దక్షిణముగా చార్మినారును కట్టించి, దాని చుట్టును క్రొత్త నగరమును వెలయించెను. అదే కాలమున డెన్మార్కు దేశపు హ్వెన్ అను చిన్న దీవిలో టైకో బ్రాహీ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు రాత్రులెల్ల మేల్కొని గ్రహముల స్థానములను కొలుచుచుండెను. దూరదర్శిని ఇంకను పుట్టలేదు. కేవలము కంటితో చూచి అతడు వ్రాసిపెట్టిన అంకెలంత నిక్కచ్చియైనవి అంతకుముందు ఐరోపాలో లేవు. చార్మినారు వెలసిన పదేండ్లకు ఆ మహానుభావుడు చనిపోయెను. అతని చావునకు దారితీసినది యుద్ధము కాదు, మహమ్మారి కాదు. విందులో నుండి లేచి పోవుటకు మొగమాటపడుట.

1601 అక్టోబరు 13న ప్రాగ్ నగరమున ఒక ప్రభువు ఇంట విందు జరిగెను. టైకో అప్పటికి చక్రవర్తి ఆస్థాన గణితజ్ఞుడు. పానీయములు ధారాళముగా సాగుచుండగా అతనికి మూత్రవిసర్జన అవసరము కలిగెను. ఇంటి యజమాని లేవకముందు అతిథి లేచుట మర్యాద కాదని భావించి, అతడు కదలక కూర్చుండెను. ఇంటికి చేరిన పిదప ఎంత ప్రయత్నించినను మూత్రము రాలేదు. కొన్ని దినములు బాధపడి, జ్వరముతో కలవరించి, అక్టోబరు 24న కన్నుమూసెను. ఈ వృత్తాంతమును మనకు తెలిపినవాడు అతని సహాయకుడు కెప్లర్. టైకో అంకెలు అతని చేతిలో పడుట చేతనే 1609లో గ్రహచలన నియమములు వెలువడినవి. కెప్లరును పాఠముగా చదువు విద్యార్థులకు ఈ విందు సంగతి ఎవరును చెప్పరు. 

టైకోకు పాదరసముతో విషమిచ్చిరేమో యను అనుమానము చాలకాలము సాగినది. 2010లో సమాధి తెరచి అవశేషములను పరీక్షించిరి. ప్రాణము తీయునంత పాదరసము లేదని 2012లో తేల్చిరి. అనుమానము మరల మూత్రాశయము మీదికే వచ్చినది.

మన మూత్రపిండములు దినమునకు సుమారు లీటరున్నర మూత్రమును, అనగా గంటకు 60 మిల్లీలీటర్లకు కొంచెము అటునిటుగా తయారు చేయును. అది చుక్కచుక్కగా మూత్రాశయమును చేరును. అక్కడ 150 లేక 200 మిల్లీలీటర్లు నిండగానే గోడలు సాగి, ఆ వార్త నరముల ద్వారా వెన్నుపామునకు, అచ్చటి నుండి మెదడునకు పోవును. పసిపిల్లలలో తరువాతి పని తనంతట తానే జరిగిపోవును. పెద్దలలో మెదడు కొంతసేపు ఆపగలదు. ద్వారమును బిగించియుంచు కండరములు రెండు. లోపలిది మన మాట వినదు, వెలుపలిది వినును. మన మర్యాదలన్నియు ఈ వెలుపలి కండరము మీద ఆధారపడి యున్నవి! ఆరోగ్యవంతుడు 400 నుండి 500 మిల్లీలీటర్ల వరకు ఓర్వగలడు. అంతకు మించి బలవంతముగా ఆపినచో, మిక్కిలి సాగిన గోడల కండరము పట్టు వదలును. ద్వారము తెరచినను అది ముడుచుకొనజాలదు. పౌరుషగ్రంథి పెరిగిన పురుషులలో ఈ అపాయము మరింత ఎక్కువ. ఆ విందునాటికి టైకోకు 54 ఏండ్లు.

లేచిపోవుటకు వీలులేని ఆసనము విందులో ఉన్నట్లే ఆటస్థలములోను ఉండును. 2003 మార్చి 10న జోహానెస్‌బర్గులో శ్రీలంకపై ఆడుచు సచిన్ తెండూల్కర్ 97 పరుగులు చేసెను. ఆనాడు తాను విరేచనములతో బాధపడుచు, లోదుస్తులలో కాగితపు రుమాళ్ళు పెట్టుకొని ఆడితినని 2014లో వెలువడిన ఆత్మకథలో అతడే వ్రాసికొన్నాడు. అంతకుముందు ఆటలో కండరములు పట్టివేయగా, ఒంటిలోని నీరు తిరిగి చేరునని లవణపానీయములో మరికొంత ఉప్పు కలిపి త్రాగెనట. ఇందులోని శాస్త్రము పదవ తరగతి విద్యార్థి చెప్పగలడు. ప్రేగులో ఉప్పు గాఢత రక్తములో కంటె ఎక్కువైనచో నీరు ప్రేగునుండి రక్తమునకు పోక, రక్తమునుండి ప్రేగులోనికి వచ్చును. పోయిన నీటికై చేసిన వైద్యము ఉన్న నీటిని కూడ లాగివేసినది.

2005 ఏప్రిల్ 17న లండను మారథానులో ముందు పరుగెత్తుచున్న పౌలా రాడ్‌క్లిఫ్ కడుపునొప్పికి ఆగలేక, ప్రేక్షకులు చూచుచుండగనే దారిప్రక్కన కూర్చుండి, లేచి మరల పరుగెత్తి గెలిచినది. పరుగులో రక్తము కాళ్ళ కండరములకు మళ్ళును. ప్రేగులకు అందునది చాల తగ్గును. దానికి తోడు గంటలకొలది కుదుపు. కనుక దూరపు పరుగువారిలో ఈ బాధ అరుదు కాదు. ఆట ముగిసిన పిదప కథ తలక్రిందులగును. నిషిద్ధ మందుల పరీక్షకు కనీసము 90 మిల్లీలీటర్ల మూత్రము, అధికారి కన్నుల యెదుట ఇయ్యవలెను. ఒంటినీరంతయు చెమటగా పోయిన క్రీడాకారునకు అప్పుడు చుక్క రాదు!

ఈ విషయమున మరపు ఎంత పెద్దవారికి కలుగునో అంతరిక్షయానము చూపినది. 1961 మే 5న అమెరికా మొదటి వ్యోమగామి ఆలన్ షెపర్డ్ ప్రయాణము 15 నిమిషములు మాత్రమే. అంతలో అవసరమేమి కలుగునని ఇంజనీర్లు ఏ ఏర్పాటును చేయలేదు. కాని బయలుదేరుట ఆలస్యమై, షెపర్డ్ గుళికలో వెల్లకిల పడుకొని నాలుగు గంటలకు పైగా గడుపవలసి వచ్చెను. చివరకు తన అవసరమును రేడియోలో చెప్పెను. దేహమునకు తగిలించిన విద్యుత్ తీగలు చెడునని మొదట ఒప్పుకొనలేదు. పిదప విద్యుత్తు ఆపి, దుస్తులలోనే కానిమ్మనిరి. దుస్తులలో ప్రవహించు ప్రాణవాయువు కొంత ఆరబెట్టినది. అణువణువును లెక్కించిన వారు లెక్కించనిది ఎగురుట కాదు, ఎదురు చూచుట. సోవియట్ గగారిన్ అంతకు మూడు వారముల ముందు, ఏప్రిల్ 12న, బస్సు దిగి వెనుక చక్రము దగ్గర పని ముగించుకొని రాకెట్టు ఎక్కెను. అతని తరువాతి వారికి అది ఆచారమైనది.

1962 ఫిబ్రవరిలో జాన్ గ్లెన్ భూమిని మూడుసార్లు చుట్టునప్పటికి అమెరికా వారు మూత్రసంచిని సిద్ధము చేసిరి. భారరహిత స్థితిలో మూత్రము అడుగునకు చేరదు కనుక, మూత్రాశయము బాగుగా నిండువరకు సూచన స్పష్టముగా అందకపోవచ్చును. నీటితో కడుగుటయు సాధ్యము కాదు, గాలితో పీల్చవలెను. హైదరాబాదులో చదువుకొని, నిజాం కళాశాల విద్యార్థియైన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సాల్యూట్-7లో దాదాపు ఎనిమిది దినములు గడిపినపుడు అట్టి ఏర్పాటే ఉండెను. ఇందిరాగాంధీ ప్రశ్నకు అతడిచ్చిన సమాధానము అందరికిని తెలియును. బడిపిల్లలు వ్యోమగాములను అడుగు ప్రశ్న మాత్రము వేరు. 2021 నవంబరు 8న స్పేస్ ఎక్స్ గుళికలో తిరిగివచ్చిన నలుగురికి మరుగుదొడ్డి గొట్టము కారుచుండుటచే వాడరాదని చెప్పిరి. ఎనిమిది గంటలకు పైగా పీల్చుకొను లోదుస్తులే గతి యైనవి. రెండు దినములకు మరియొక గుళిక నలుగురితో బయలుదేరినది. దాని నాయకుడు, హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళిన తండ్రికి పుట్టిన రాజా చారి. ఆ గుళికలో గొట్టమును ముందుగనే అతికించి సరిచేసిరి.

గుళికకు వచ్చిన ప్రశ్నయే నగరమునకును వచ్చును: విడిచినది ఎక్కడికి పోవలెను? కుతుబ్ షా నగరమునకు మూడు శతాబ్దములు దాటినను భూగర్భ మురుగుకాలువలు లేవు. దేవిడీలలోను సామాన్యుల ఇండ్లలోను దొడ్లనుండి మలమును మనుష్యులే ఎత్తి మోసిరి. గొప్పవారికి సమయము కాని సమయమున కలుగు అవసరము వినోదకథ యగును. దానిని ప్రతిదినము తలపై మోసినవారి పేర్లు ఏ కథలోను లేవు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది చనిపోయిన మీదట, 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిరి. వరదను ఆపు జలాశయములతో పాటు నగరమునకు మురుగునీటి పథకమును కూడ ఆయన సిద్ధము చేసెను. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తియైనవి. మురుగుకాలువల వ్యవస్థ పనిచేయ నారంభించినది 1931లో. సుమారు 4 లక్షల 70 వేల జనమునకు సరిపోవునట్లు కట్టినది. జలాశయములను చూడ విహారయాత్రకు పోవుదురు కాని, ఈ గొట్టములను చూడ పోవువారు లేరు. అయినను పాతబస్తీలో పిల్లల ప్రాణములను కాపాడినవి ఇవి తక్కువేమి కాదు.

గొట్టము వేసినంత మాత్రమున మోత ఆగలేదు. ఎత్తుడు దొడ్లను నిషేధించు చట్టము వచ్చినది 1993లో, మరింత గట్టిది 2013లో. కోలారు బంగారుగనులలో ఈ పనియే చేసిన తెలుగు కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్, ఆంధ్రప్రదేశ్‌లో ఎస్. ఆర్. శంకరన్ తోడ్పాటుతో ఇట్టి దొడ్లను కూల్పించు ఉద్యమము నడిపెను. ఆయనకు 2016లో మెగసెసే బహుమానము లభించినది.

బడులలో బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండవలెనని 2009 విద్యాహక్కు చట్టము చెప్పినది. అన్ని బడులలో ఏర్పాటు చేయుమని 2012లో సుప్రీంకోర్టు ఆదేశించినది. లెక్క సులభమైనది. ఉదయము తొమ్మిదింటికి వచ్చి సాయంత్రము నాలుగింటికి పోవు ఉన్నతపాఠశాల బాలిక మూత్రపిండములు ఆ ఏడు గంటలలో 400 మిల్లీలీటర్ల వరకు తయారు చేయును. అది ఓర్పు హద్దును తాకు మొత్తము. దొడ్డికి తాళము వేసియున్నచో, లోపల నీరు లేనిచో, ఆమె కనుగొను ఉపాయము ఒక్కటే: ఉదయమునుండి నీరు త్రాగకుండుట. లాడ్ బజారుకు గాజులు కొన వచ్చు తల్లులును ఎరిగిన ఉపాయమే ఇది. అప్పుడు మూత్రము తగ్గి చిక్కబడును. మూత్రము వెలుపలికి పోవు దారి స్త్రీలలో 4 సెంటీమీటర్లకు మించదు కనుక బాక్టీరియా సులభముగా లోనికి చేరును. కొట్టుకొనిపోవుటకు ధార లేక అక్కడనే పెరుగును. మంటయు, చలిజ్వరమును తరువాత వచ్చును.