ఉప్పునీటి తొట్టిలో నాచు: గాస్‌గారి దేవుడూ, లాయిడ్‌గారి చీకటీ

"ప్రకృతిని దాని మానాన వదిలేస్తే అదే సర్దుకుంటుంది" అనే మాట మనం ఎన్నిసార్లు విని ఉంటాం! ఆస్తికులనేమిటి, పర్యావరణం గురించి మాట్లాడేటప్పుడు మన హేతువాద మిత్రులు కూడా అంటుంటారు. ఈ మాట నిజమో కాదో గాజుతొట్టిలో పెట్టి పరీక్షించిన చరిత్ర ఒకటుంది. అది ఇళ్ళలో సముద్రజీవుల్ని పెంచిన చరిత్ర. నూటడెబ్భై ఏళ్ళ పైనుంచీ సాగుతున్న ఈ పరీక్షలో, ఆ మాట నమ్ముకున్నవాళ్ళ తొట్లలో నాచే గెలుస్తూ వచ్చింది.

లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో ఒక ప్రయోగాన్ని ప్రకటించాడు. మంచినీటి తొట్టిలో రెండు బంగారు చేపలు, ఒక నీటి మొక్క. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువుని మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలిన ప్రాణవాయువుని చేప తీసుకుంటుంది. కొన్నాళ్ళకి ఆకులు కుళ్ళి, నీరు పచ్చబడి, గాజుకి పాచి పట్టింది. ఆయన నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్ళినదాన్నీ పాచినీ తిన్నాయి, నీరు తేటబడింది. తర్వాత రెండేళ్ళకే సముద్రపు నీటితోనూ మొదలుపెట్టాడు.

ఇక్కడ ప్రవేశిస్తాడు ఫిలిప్ హెన్రీ గాస్. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం తెరిచిన మొదటి ఆక్వేరియానికి జీవుల్ని సమకూర్చిన వాళ్ళలో ఈయన ఒకడు. 1854లో ఆయన రాసిన పుస్తకంతో 'ఆక్వేరియం' అన్న మాట ఇంటింటికీ చేరింది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళ కోసం నాలుగు లవణాలతో కృత్రిమ సముద్రజలం తయారుచేసే పద్ధతీ చెప్పాడు. గొప్ప పరిశీలకుడు, సందేహం లేదు. కానీ బైబిల్లో ప్రతి అక్షరాన్నీ నమ్మిన మనిషి. 1857లో, డార్విన్ పుస్తకం కంటే రెండేళ్ళ ముందు, 'ఆంఫలోస్' అని ఇంకో పుస్తకం రాశాడు. ఆంఫలోస్ అంటే గ్రీకులో బొడ్డు. తల్లి లేని ఆదాముకి బొడ్డు ఉన్నట్టే, కొత్తగా పుట్టించిన భూమిలో శిలాజాలు కూడా తయారుగా ఉన్నాయట! ఈ వాదనని అటు శాస్త్రజ్ఞులూ మెచ్చలేదు, ఇటు మతం వాళ్ళూ మెచ్చలేదు. దేవుడు రాళ్ళలో అబద్ధం రాశాడని ఏ భక్తుడు ఒప్పుకుంటాడు చెప్పండి?

గాస్‌కి తొట్టిలోని సమతుల్యం కూడా సృష్టికర్త ఏర్పాటే. ఆ రోజుల్లో ఆక్వేరియం పుస్తకాల నిండా ఈ మాటే. జంతువూ మొక్కా సరైన పాళ్ళలో వేయండి, ఇక నీరు మార్చక్కర్లేదు అన్నారు. జనం ఎగబడ్డారు, కిటికీల దగ్గర తొట్లు పెట్టుకున్నారు. నీరు పచ్చబడింది, జీవులు చచ్చాయి, ఇళ్ళు కంపు కొట్టాయి. పదిపదిహేనేళ్ళలో ఆ మోజు చల్లారింది. ఈలోగా ఒడ్డునున్న రాతిగుంటల్ని ఊడ్చేశారు. తన తండ్రి పుస్తకాలు చదివి వచ్చిన జనమే ఆ గుంటల్ని పాడుచేశారని గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో బాధపడుతూ రాశాడు.

నాకు ఈ కథలో నచ్చిన మనిషి మాత్రం విలియం ఆల్‌ఫర్డ్ లాయిడ్. విశ్వవిద్యాలయం మెట్లెక్కని వ్యాపారి, లండన్‌లో ఆక్వేరియం సామాను అమ్మేవాడు. ఆయన సిద్ధాంతం జోలికి పోలేదు, తొట్టిని చూశాడు. పచ్చబడిన నీటిని చీకట్లో ఉంచితే తేటబడుతోంది. అంతే, అక్కణ్ణుంచి పట్టుకున్నాడు. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన కట్టించిన ఆక్వేరియంలో, జనం చూసే తొట్లలో ఉన్న నీటికంటే కింద చీకటి గదిలో ఉన్న నీరే కొన్ని రెట్లు ఎక్కువ. ఆవిరి యంత్రంతో ఆ నీటిని నిరంతరం తిప్పేవారు. నాచుని పనిగట్టుకుని నాటక్కర్లేదు, నీటిలోని బీజాలే చాలినంత మొలుస్తాయని కూడా చెప్పాడు. ఇది దేవుడి సమతుల్యం కాదు. బొగ్గు తగలేసి నడిపిన సమతుల్యం.

మరి మొదటివాళ్ళ లెక్క ఎక్కడ తప్పింది? వాళ్ళు రెండు వాయువులనే లెక్కవేశారు. చేపకి మేత వేస్తే దాంతోపాటు నత్రజనీ, భాస్వరమూ తొట్టిలోకి వస్తాయి. అమ్మోనియాని నైట్రేటుగా మార్చేది సూక్ష్మజీవులని ష్లోసింగ్, మ్యుంజ్ చూపించింది 1877లో. వినోగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవుల్ని విడిగా పెంచింది 1890లో. నైట్రేటు అంతటితో పోదు, అది నాచుకి ఎరువు. ప్రాణవాయువు అందని రాతి లోపలి పొరల్లో కొంత నైట్రేటు నత్రజని వాయువై బయటికి పోతుంది. భాస్వరానికి ఆ దారి కూడా లేదు. వాయువుగా ఎగిరిపోదు. మేతగా వచ్చినది ఎవరో ఒకరు చేత్తో తీసి పారేసేదాకా తొట్టిలోనే ఉంటుంది. సముద్రపు ప్లవకాల్లో ఒక భాస్వర పరమాణువుకి సుమారు 16 నత్రజని, 106 కర్బన పరమాణువులుంటాయని చెప్పే రెడ్‌ఫీల్డ్ నిష్పత్తికి మూలం 1934 నాటి పరిశోధన. ఆ లెక్కన రవ్వంత భాస్వరం ఎంత నాచుని మోయగలదో ఊహించండి.

మా ఇంటి తొట్టిలో ఒక ఎండాకాలం వెంట్రుకల్లాంటి పచ్చనాచు రాళ్ళన్నిటినీ కప్పేసింది. పక్కింటి పిన్నిగారు చూసి, "దిష్టి తగిలింది బాబూ, ఓ నిమ్మకాయ కట్టు" అన్నారు. దుకాణం అతను ఓ సీసా తీసి, "పది చుక్కలు వేయండి సార్, వారంలో మాయం" అన్నాడు. నన్నడిగితే ఇద్దరిదీ ఒకే తర్కం. చచ్చిన నాచులోని భాస్వరం ఎక్కడికి పోతుందని ఇద్దరూ అడగలేదు. పిన్నిగారి నిమ్మకాయ కనీసం చేపలకి హాని చెయ్యదు! ఎర్రగా జిగటగా పరుచుకునే పాచి సంగతి ఇంకా అన్యాయం. అది అసలు నాచు కాదు, సయనోబాక్టీరియా. దాన్ని చంపడానికి మనుషులకి వాడే ఎరిత్రోమైసిన్ పోసేవాళ్ళున్నారు. యాంటీబయాటిక్కులకి లొంగని క్రిములు పెరుగుతున్న కాలంలో ఇది అలంకారం కోసం చేయాల్సిన పని కాదు.

ఇంకో చిక్కు. తొట్టి నిండా నాచు ఉన్నా ఫాస్ఫేటు పరీక్షలో సున్నా వస్తుంది. "చూశారా, ఫాస్ఫేటు లేదు, కారణం ఇంకేదో" అంటారు. పరీక్ష చూసేది నీటిలో కరిగి ఉన్నదాన్ని. ఉన్నదంతా నాచు కడుపులో ఉంటే నీటిలో ఏం మిగులుతుంది? కొలిచిన చోట లేదంటే అసలు లేదని కాదు.

నేను చేసేదాంట్లో మహత్తేమీ లేదు. మేత తగ్గించడం, నాచుని చేత్తో పీకి బయట పారేయడం, వారం వారం కొంత నీరు మార్చడం, ఉప్పు కలపడానికి కుళాయి నీరు కాక ఆర్.ఓ. నీరు వాడడం, నురుగుతో మలినాన్ని తీసే స్కిమ్మర్ పెట్టడం, దీపం గంటలు తగ్గించడం, నత్తల్ని వేయడం. నత్త తిన్నది మళ్ళీ నీటిలోకే విసర్జిస్తుంది కాబట్టి అది చీపురే గాని చెత్తబుట్ట కాదు. వారింగ్టన్ నత్తలూ అంతే.

కొందరు పక్క తొట్టిలో కావాలనే నాచు పెంచి, కోసి పారేస్తారు. స్మిత్‌సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ 1980ల్లో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున చేసి చూపించాడు. లెక్క ప్రకారం ఇదే సరైన దారి, ఎందుకంటే భాస్వరం నిజంగా గడప దాటుతుంది. కాకపోతే కోసినదాన్ని ఎక్కడ వేస్తున్నారో చూసుకోవాలి. ఆక్వేరియాల్లో అందం కోసం పెంచిన కాలెర్పా టాక్సిఫోలియా 1984లో మొనాకో సముద్ర మ్యూజియం కిందనున్న నీటిలో కనిపించి, మధ్యధరా తీరం వెంట వేల హెక్టార్లకి పాకింది. 2000లో కాలిఫోర్నియా తీరంలోనూ బయటపడింది. అక్కడ దాని మీద టార్పాలిన్లు కప్పి, లోపల క్లోరిన్ వదిలి, పూర్తిగా పోయిందని 2006లో ప్రకటించేసరికి 70 లక్షల డాలర్ల దాకా అయింది. విశాఖలోనో చెన్నైలోనో ఉండి తొట్టి నాచుని బీచిలో విసిరేసి వచ్చేవాళ్ళుంటే ఆ పని మానండి. ఎండలో బాగా ఎండబెట్టి చెత్తలో వేయండి.