సాంబ్రాణి పొగ నుంచి డ్రయ్యర్ గాలి దాకా

కురులకు ఒంపు ఎవరైనా తేగలరు. అది సాయంత్రం దాకా నిలవాలంటేనే పనితనం కావాలి. కేశాలంకరణ చరిత్రలో సగం ఆ నిలకడ కోసం పడ్డ పాట్లే. శ్రీరాంపూర్ బొగ్గు గనుల పక్కన పెరిగిన నస్పూర్‌లో ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఎండాకాలం ఉక్కపోత, వానాకాలం గోదావరి మీది తేమగాలి, వీటికి తోడు ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము. పొద్దున పొంగుగా ఉన్న జుట్టు మధ్యాహ్నానికి నెత్తికి అతుక్కుపోతుంది.

మన పెద్దవాళ్లకు డ్రయ్యర్ లేదు, పద్ధతి మాత్రం ఉంది. కుంకుడు రసంతో తలంటుకుని, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, బోర్లించిన గంప మీద జుట్టు పరిచి ఆరబెట్టేవారు. ఇంకా కాస్త చెమ్మ ఉండగానే బిగుతుగా జడ అల్లి పడుకుంటే, తెల్లారి విప్పేసరికి అలలు అలలుగా జారేది. తడిపి, ఒక ఆకారంలో పట్టి ఉంచి, పూర్తిగా ఆరాకే వదలడం: నేటి బ్లో డ్రై అంతా ఇందులోనే ఉంది. ఒత్తు చాలకపోతే సవరం కలిపేవారు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడకున్న వైభవం చూస్తే, నిండైన జుట్టు మీద తెలుగువారికి ఎంత మమకారమో అర్థమవుతుంది.

అవతల పారిస్‌లో కేశాలంకరణ నిపుణుడు మార్సెల్ గ్రాటో 1872లో కాల్చిన పటకారుతో అలలు తెచ్చాడు. 1890 ప్రాంతంలో అలెగ్జాండర్ గోడ్‌ఫ్రోయ్ వేడిగాలితో జుట్టు ఆరబెట్టే యంత్రం చేశాడు. చేత్తో పట్టుకునే డ్రయ్యర్లు 1920ల్లో వచ్చాయి గానీ బరువెక్కువ, గాలి తక్కువ.

మనకు కొత్త సింగారం సినిమా తెర మీంచి దిగింది. 1970ల్లో వాణిశ్రీ ఎత్తు కొప్పు చూసి ఊరూరా ఆడపిల్లలు అద్దం ముందు నిలబడ్డారు. ఆ ఎత్తు వెనక దువ్వెనతో వెనక్కి దువ్వి చిక్కుపరచడం, పిన్నులు, స్ప్రే ఉండేవి. జుట్టుకు అది హింసే అంటాను. అంతకుముందే, 1960ల్లో, లండన్‌లో కేశాలంకరణ నిపుణుడు విడాల్ సాసూన్ దారి మార్చాడు. రోలర్లు, స్ప్రే గట్టిదనం పక్కనపెట్టి, కత్తిరింపుతోనే ఆకారం తెచ్చి, డ్రయ్యర్‌తో ఆరబెట్టాడు. తర్వాత రౌండ్ బ్రష్ పార్లర్ల చేతి పనిముట్టయింది.

తడిపి ఆరబెడితే ఒంపు నిలవడానికి కారణం కెరాటిన్‌లో ఉంది. వెంట్రుకలోని ఈ ప్రొటీన్ పోగుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు నీళ్లకు వదులవుతాయి, ఆరి చల్లారాక కొత్త ఆకారంలో మళ్లీ బిగుస్తాయి. శాస్త్రవేత్త విలియం ఆస్ట్‌బరీ 1930ల్లో లీడ్స్‌లో ఎక్స్‌రేలతో పరీక్షించి, వెంట్రుకను సాగదీస్తే లోపలి అమరికే మారుతుందని చూపాడు. గాలిలో తేమ సోకితే బిగిసిన బంధాలు మళ్లీ సడలుతాయి. వానరోజు ఒంపు జారిపోయేది అందుకే.

కాబట్టి తల తడితడిగా ఉండగానే బ్రష్ చుట్టడం వృథా. ముందు ముప్పాతిక వంతు ఆరనివ్వాలి. కుదుళ్లను అవి పడుకునే దిక్కుకు ఎదురుగా లేపి ఆరబెడితేనే పొంగు వస్తుంది. సన్నటి పాయలు తీసి, కుదురు నుంచి కొస దాకా ఆరాక, బ్రష్ మీదే చల్లగాలి కొట్టాలి. లేదంటే వేడి పాయను వెల్‌క్రో రోలర్‌కు చుట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. పెళ్లిళ్ల రోజుల్లో తొందరపడి ఎగ్గొట్టేది ఈ చల్లార్చడాన్నే. కొబ్బరి నూనె ఉన్న తలకు, కుదుళ్ల దాకా కండిషనర్ పూసిన తలకు ఎంత స్ప్రే కొట్టినా ఒంపు నిలవదు.

మన గనుల ప్రాంతంలో సింగరేణి బొగ్గు సంస్థ వారి సింగరేణి సేవా సమితి కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లకు బ్యూటీషియన్ శిక్షణ ఇస్తోంది. డ్రయ్యర్ పట్టడంతో పాటు వెంట్రుక లోపల జరిగేది కూడా ఆ తరగతుల్లో చెప్పాలి. ఇక పార్లర్ కుర్చీలో కూర్చునేవారికి ఒక్క మాట: రోలర్లు చల్లారేదాకా మరో పది నిమిషాలు ఆగండి, త్వరగా తీసేయమని అడగకండి.