ఏటికి ఆవలి సంత

ఘట్టకుటీ ప్రభాతన్యాయమని మన పెద్దలు ఒక మాట వాడుదురు. సుంకము చెల్లించుట కిష్టములేని బండివాడొకడు రాత్రివేళ రాజమార్గము విడిచి డొంకదారిని పట్టి, తిరిగి తిరిగి, తెల్లవారుసరికి సరిగా సుంకపు పాక ముందరనే తేలెనట. ఈ కథ విని నవ్వనివారుండరు. అయితే ఆ బండివానిని చూచి నవ్వుదుమే గాని దొంగ యని ఏవగించుకొనము. తన తోటలో కొబ్బరికాయ దొంగిలించినవానిని చెట్టునకు కట్టించు గృహస్థుడే, సుంకము తప్పించి తెచ్చిన వస్తువును చుట్టములకు చూపి మురిసిపోవును. ఈ భేదబుద్ధి మనలో ఎట్లు పాదుకొన్నదో తెలిసికొనుటకు కోనసీమవారు దూరము పోనక్కరలేదు. ఎదుర్లంక రేవున నిలిచి గౌతమికి ఆవలి ఒడ్డు చూచిన చాలును.

ఆ ఒడ్డున నున్నది యానాం. సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఈ చిన్న ప్రదేశమున 1723లో ఫ్రెంచివారు తొలిసారి వర్తకస్థావరము పెట్టిరి. నడుమ పలుమార్లు ఆంగ్లేయుల చేతికి పోయి, మరల వచ్చి, 1954 వరకు అది ఫ్రెంచి జెండా క్రిందనే యుండెను. చుట్టును ఆంగ్లేయుల చట్టము, ఆంగ్లేయుల సుంకము. నడుమ ఈ ఒక్క ఊరిలో వేరొక దొరతనము. యానాం మంగళవారపు సంతకు ఆ కాలమున మన జనము తరలిపోవుటకు కారణమిదియే. సీమసరుకు అక్కడ దొరకును. అందులో దొంగసరుకును కలదు. ఏది ఏదియో కొనువాడు అడుగడు, అమ్మువాడు చెప్పడు. బేరము కుదిరిన పిదప మూటను పడవలో ఎక్కడ దాచవలెననునదే చింత.

సంతకే కాదు, పెండ్లిండ్లకును పోయిరి. 1929లో వచ్చిన శారదా చట్టము 14 ఏండ్లు నిండని బాలికలకు వివాహము చేయరాదనెను. ఆ చట్టము యానాంలో చెల్లదు గనుక, పిల్లలను అక్కడకు తీసికొనిపోయి బాల్యవివాహములు జరిపించిరి. ఊరికి కల్యాణపురమని పేరు కూడ వచ్చెను. ధర తగ్గించుకొనుటకు అలవాటుపడిన దారి మనస్సాక్షిని తప్పించుకొనుటకును పనికివచ్చినదన్నమాట.

పరాయి దొరకు కట్టవలసిన సుంకము ఎగవేసిన పాపమేమని అడుగువారు కలరు. ఇట్టి మాట మేమును విన్నాము, ఒప్పుకొనుటకు సిగ్గుగా నున్నను ఒకటి రెండుమార్లు అన్నాము కూడ. దీనికి ప్రత్యుత్తరము ఆ ప్రాంతముననే యున్నది. యానామునకు, కాకినాడకు నడుమ చొల్లంగి యను ఊరు కలదు. 1930లో ఉప్పు సత్యాగ్రహమునందు బులుసు సాంబమూర్తిగారు మొదలైనవారు ఆ తీరమున ఉప్పుచట్టమును ధిక్కరించిరి. వారును పన్ను చెల్లింపలేదు. అయితే పట్టపగలు, పదుగురి ఎదుట, పోలీసులు చూచుచుండగా చేసిరి; జైలుకు సిద్ధపడి చేసిరి. సంతనుండి తిరిగివచ్చువాడు మూటను తట్టక్రింద దాచెను. ఇద్దరిని ఒకే గాటకట్టుట సత్యాగ్రహులకు న్యాయము గాదు.

1947 తరువాత ఆ సాకు కూడ పోయినది. 1941లో ఫ్రెంచి ఇండియాకు, బ్రిటిషు ఇండియాకు నడుమ కుదిరిన సుంకముల ఒడంబడికను 1949లో భారత ప్రభుత్వము ముగించి, ఫ్రెంచి స్థలముల చుట్టును తన సుంకపు కాపలా నిలిపెను. ఇప్పుడు ఖజానా మనది. అందులో పడిన రూపాయి మన కాలువకో, మన బడికో ఖర్చగును. అయినను దొరలనాడు మూట దాచిన చేయి మనవారినాడు మానుకొనలేదు. 1954 నవంబరు 1న యానాం పరిపాలన భారతదేశము చేతికి వచ్చిన పిదప గాని ఏటినడుమ ఆ సుంకపు సరిహద్దు చెరిగిపోలేదు.

అయితే తప్పంతయు కొనువానిపై వేయుటయు మాకు సమ్మతము గాదు. సుంకరివద్ద సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు అను సామెత ఊరకనే పుట్టలేదు. కాకతి గణపతిదేవుడు 1244-45 ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనము ఈ సంగతి నెరిగి వ్రాసినది. తుపానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సర్వస్వమును పూర్వపు రాజులు లాగుకొనుచుండిరనియు, తాను మాత్రము నిర్ణయించిన సుంకము తప్ప మరేమియు తీసికొననని యు ఆయన ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకము. కర్పూరము, చందనము వంటి వానికి వేరువేరుగా రేట్లు చెక్కించెను. చదువ నేర్చిన వర్తకుడెవడైనను రాతిస్తంభముముందు నిలిచి తన లెక్క తాను వేసికొనవచ్చును. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవున మరల శాసనము వేయించి కొన్ని సుంకములు తగ్గించెను. సుంకము ఎగవేయుటకు యత్నించినవానికి దానికి ఎనిమిదింతలు దండుగ యని మనుస్మృతి చెప్పినది గాని, దండుగ భయముకంటె ఆ రాతిపైని అంకెలే వర్తకుని ఎక్కువగా నిజాయితీపరుని చేసియుండునని మా ఊహ.

2002లో ఎదుర్లంకకు, యానామునకు నడుమ వంతెన వచ్చినది. 2017 జూలై 1న వచ్చిన వస్తుసేవల పన్ను రెండు ఒడ్డులకును ఒక్కటే. మద్యము, పెట్రోలు మాత్రము ఆ పన్నులో చేరలేదు గనుక, వానికొరకు ఏరు దాటువారు తగ్గలేదు. కాని నేటి కోనసీమకు అసలు సంత గౌతమికి ఆవల లేదు, సముద్రమునకు ఆవల నున్నది. రాజోలు, అమలాపురము ప్రాంతములనుండి ఎందరో స్త్రీలు కువైటు, మస్కటు, దుబాయి పోయి ఇండ్లలో పనిచేసి, కూడబెట్టిన దానిని బంగారముగా తెచ్చుకొందురు. ఏడాదికి పైగా విదేశమున నివసించి వచ్చు స్త్రీ 40 గ్రాముల వరకు, పురుషుడు 20 గ్రాముల వరకు ఆభరణములను సుంకము లేక తెచ్చుకొనవచ్చును. బంగారముపై సుంకము 2024 జూలైలో 15 శాతమునుండి 6 శాతమునకు దిగినది.

ఆ సడలింపు ప్రయాణికురాలి సొంత నగలకు మాత్రమే. అందుచేత, శ్రోతలారా, మన ఇండ్లలో తరచు జరుగు ఒక చిన్న సంగతి చెప్పవలసియున్నది. ఎవరో ఒక చెల్లెలు నాలుగేండ్లకు ఇంటికి బయలుదేరును. అక్కడి పరిచయస్థులొకరు వచ్చి, ఈ గొలుసు నీ మెడలో వేసికొని పోయి మావారికి ఇమ్మందురు. విమానాశ్రయమున అధికారి అడిగిన నీదేనని చెప్పుమందురు. దొరికినచో సమాధానము చెప్పవలసినది ఆమె. గొలుసువారు అక్కడ ఉండరు. దీనిని వారు సాయమనియే పిలుతురు.