బండ, గుండు

ఇంటి ముందు కాస్త జాగాలో రాతితోట పెట్టాలనుకునేవాళ్లు రాళ్ల కోసం వెతికే ముందు గుండుకీ బండకీ తేడా తెలుసుకోవాలంటాను. తోస్తే దొర్లేది గుండు. ఫిరంగిలో కూరేదీ అదే, తిరుపతిలో చేయించుకునేదీ అదే. బండ పరుచుకుని, పాతుకుని ఉంటుంది. కందులు ఆరబోసేది, బట్టలు ఉతికేది, పచ్చడి నూరేది దాని మీదే. ఇంట్లో పరిచే తాండూరు, షాబాదు రాళ్లూ బండలే. తిరునాళ్లలో ఒంగోలు ఎడ్లు లాగేదీ బండే. కదలనంటుంది గనకనే అది పందెమైంది. గ్యాస్ సిలిండరుకు ఆ పేరొచ్చిందీ బరువు చూసే కాబోలు.

ఆ కదలని గుణమే మనుషుల దగ్గరికొచ్చేసరికి తిట్టయింది. బండబూతులంటాం, మనసు బండబారిందంటాం. ఇది బండకు జరిగిన అన్యాయం, బండ మీదా ప్రాణం నిలుస్తుంది. మసాలాలో వేసే రాతిపువ్వును చూడండి. నిజానికది పువ్వు కాదు, శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే లైకెన్. చెట్ల బెరళ్ల మీదా పెరుగుతుంది, మట్టి రేణువు లేని రాతి మీదా పెరుగుతుంది. జనం మాత్రం పేరు రాతికే కట్టబెట్టారు.

తోట పని కూడా ఈ రెండు మాటల మధ్యే ఉంది. కొనితెచ్చిన గుండ్లను మట్టి మీద పేర్చితే పేర్చినట్టే కనిపిస్తాయి. గుండును బండ చేయాలి. మూడో వంతు భూమిలోకి దించి, కొంచెం వెనక్కి వాల్చాలి. అప్పుడు వాననీరు రాతి మీదుగా జారి వెనకున్న వేళ్లకు అందుతుంది. రాయి అడుగున తేమ తొందరగా ఆరదు, వేరు అక్కడికే వెతుక్కుంటూ పోతుంది. సందుల్లో నింపడానికి నీరు పట్టి ఉంచే నల్లరేగడి పనికిరాదు. మొరం కావాలి, అంటే రాయి చివికి సగం మట్టయిన సరుకు. దక్కనులో వినిపించే ఈ మాట సముద్రం దాటింది. కెన్యా, ఉగాండాల్లో ఎర్రమట్టి రోడ్లను ఇప్పటికీ మర్రం రోడ్లనే అంటారు.

మొక్కల్లో నా ఓటు నల్లేరుకే. నాలుగు పలకల కాడ, కణుపు కణుపుకీ నొక్కినట్టుండే సన్నటి నడుము, కణుపు దగ్గర చుట్టుకునే నులితీగ. రెండు కణుపుల ముక్క తుంచి, ఒకరోజు నీడన ఆరనిచ్చి, రాతి సందులో గుచ్చితే చాలు. లేత కాడలు పచ్చడికొస్తాయి. పక్కన తెల్లటి నూగుకంకుల కొండపిండి ఉంటే ఇంకా బాగుంటుంది.

ఇదంతా కొనితెచ్చిన రాళ్ల సంగతి. నేలలోనే ఉన్న బండల మాటకొస్తే, హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాన్ని కాపాడమని 1996 నుంచి ఒక సంఘమే పనిచేస్తోంది. మీ స్థలంలో అలాంటి బండ తేలితే పేల్చకండి. ఇంటి ప్లానును నాలుగడుగులు జరపండి, నెర్రెల్లో మొరం నింపి నల్లేరు పెట్టండి.